కవల బండ్లు

పిల్లలూ! ఇంట్లో బల్బు మాడిపోతే మీరు ఏం చేస్తారు? వీధి చివర దుకాణానికి వెళ్ళి ఇంకొకటి కొని తెస్తారు. అది ఏ ఊళ్ళో తయారయిందో, ఎవరు చేశారో అడగరు. అది తిన్నగా వెళ్ళి హోల్డరులో కూర్చుంటుంది. గోడ గడియారంలో వేసే బాటరీ అయినా, సైకిలు ట్యూబు అయినా అంతే. ఇందులో వింత ఏమున్నది అనిపిస్తుంది. కాని మనుషులు ఈ సౌకర్యం సంపాదించటానికి చాలా కాలం పట్టింది.

ఎద్దుబండి సంగతి చూడండి. పూర్వం మన పల్లెల్లో వడ్రంగి కర్ర తెచ్చి, ఒక్కొక్క ఆకూ చెక్కి, చక్రం కూర్చేవాడు. కమ్మరి ఇనప పట్టా కాల్చి దానికి ఎక్కించేవాడు. ఆ చక్రానికి సరిపోయేటట్టు ఇరుసును సవరించేవాళ్ళు. ఇక ఆ చక్రం ఆ బండికే! పక్క ఊరి బండి చక్రం తెచ్చి తగిలిస్తే బిగువన్నా అవుతుంది, వదులన్నా అవుతుంది. చక్రం విరిగిందంటే మళ్ళీ వడ్రంగి రావాలి. ఆయన వచ్చేదాకా బండి వాకిట్లోనూ, ఎద్దులు కొట్టంలోనూ ఉండవలసిందే. ఇందులో వడ్రంగి పనితనానికి లోపం ఏమీ లేదు. ఆయన కొలతను బట్టి కాక, ఎదురుగా ఉన్న వస్తువును బట్టి పని చేసేవాడు. అదే తేడా.

ఐరోపాలో తుపాకులు కూడా ఇలాగే తయారయేవి. యుద్ధంలో తుపాకి లోపలి చిన్న ముక్క ఒకటి విరిగితే, పక్కవాడి తుపాకిలోని ముక్క దీనికి పనికివచ్చేది కాదు. ఫ్రాన్సు దేశంలో ఓనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు దీనికి ఒక ఉపాయం ఆలోచించాడు. ప్రతి ముక్కనూ ఒకే అచ్చుకూ, ఒకే కొలతకూ చేస్తే ఏ ముక్క అయినా ఏ తుపాకికయినా పనికివస్తుంది గదా! 1785లో అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ అతని కార్ఖానాకు వెళ్ళాడు. యాభై తుపాకుల పేల్చే యంత్రాలు విడగొట్టి, ముక్కలు అరల్లో అమర్చి ఆయన ముందు పెట్టారు. జెఫర్సన్ చేతికి వచ్చిన ముక్కలు తీసుకుని, తానే కొన్నింటిని కూర్చాడు. అన్నీ చక్కగా అమిరాయి. తరవాత అమెరికా అధ్యక్షుడయిన జెఫర్సన్ ఈయనే.

మీకు ఒక అనుమానం రావచ్చు. రెండు వస్తువులు అచ్చంగా ఒకే కొలతకు చెయ్యటం సాధ్యమా? సాధ్యం కాదు. ఎంత మంచి యంత్రంతో చేసినా వెంట్రుకలో ఎన్నోవంతో తేడా ఉండనే ఉంటుంది. అందుచేత కర్మాగారంలో తేడాకు ఒక హద్దు పెడతారు. ఒక రంధ్రం సరిగా ఉన్నదీ లేనిదీ చూడటానికి రెండు కొనలు గల ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. ఒక కొన ఆ రంధ్రంలోకి వెళ్ళాలి. అంతకన్న పిసరంత లావుగా ఉన్న రెండో కొన వెళ్ళగూడదు. మొదటి కొన వెళ్ళకపోతే రంధ్రం ఇరుకు, రెండోది కూడా వెళితే వదులు. రెండు సందర్భాల్లోనూ ఆ ముక్కను పక్కన పారేస్తారు. ఈ పరీక్షకు గొప్ప పనితనం అక్కర్లేదు. కాని ఈ పరీక్ష లేకపోతే నేడు మోటారు బండ్లు లేవు.

మోటారు బండ్లలో ఈ సంగతి మొదటిసారి లోకానికి చాటినవాడు అమెరికాలోని హెన్రీ లేలాండ్. ఆయన చిన్నతనంలో తుపాకుల కార్ఖానాల్లో పని నేర్చినవాడు. తరవాత కాడిలాక్ అనే కార్ల సంస్థను నడిపాడు. 1908లో ఇంగ్లండులోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు ఆ కార్లకు ఒక పరీక్ష పెట్టారు. బ్రూక్‌లాండ్స్ అనే పందెపు బాట దగ్గర మూడు కాడిలాక్ కార్లను ముక్కముక్కలుగా ఊడదీసి, అన్నిటినీ ఒకే గుట్టగా కలిపేశారు. అది చాలదన్నట్టు, వాటిలో 89 ముక్కలు తీసి దాచి, బదులుగా దుకాణంలోని కొత్త ముక్కలు తెచ్చి పెట్టారు. మెకానిక్కులు రెంచీలు, స్క్రూడ్రైవర్లు మాత్రమే వాడి ఆ గుట్టలోనుంచి మళ్ళీ మూడు కార్లు నిలబెట్టారు. ఆకురాయి పెట్టి అరగదీయటానికి వీల్లేదు. ఆ మూడు కార్లూ ఒక్కొక్కటి 500 మైళ్ళు నడిచాయి! కాడిలాక్‌కు డ్యూయర్ ట్రోఫీ అనే బహుమానం వచ్చింది.

మరుసటి సంవత్సరం, 1909లో, జనరల్ మోటార్స్ అనే సంస్థ కాడిలాక్‌ను కొనేసింది. ఆ సంస్థే జి.ఎం.సి. అనే పేరుతో 1912 నుంచి లారీలు అమ్మింది. 1918లో షెవ్రొలే అనే ఇంకొక సంస్థ కూడా అందులో కలిసింది. మనం చెప్పుకోబోయే కవల బండ్లు ఈ షెవ్రొలే, జి.ఎం.సి. ఇళ్ళలో పుట్టినవే.

అమెరికాలో రైతులూ, ఇళ్ళు కట్టేవాళ్ళూ, కుళాయిలు బాగుచేసేవాళ్ళూ ఎక్కువగా వాడే బండి పికప్. ముందు డ్రైవరు గది ఉంటుంది, వెనక సామాను వేసుకోవటానికి పైకప్పు లేని తొట్టి ఉంటుంది. వీటిలో ఎక్కువ బరువు మోసేవాటిని హెవీ డ్యూటీ పికప్పులంటారు. షెవ్రొలే సిల్వరాడో 2500 హెచ్.డి. ఒకటి, జి.ఎం.సి. సియెరా 2500 హెచ్.డి. ఇంకొకటి. ఇవి పెద్ద మగ ఏనుగంత బరువుగల బండిని కూడా వెనక తగిలించుకుని లాగగలవు.

2001 నమూనాగా వచ్చిన ఈ రెండు బండ్లూ నిజంగా కవలపిల్లలే. కింది చట్రం ఒకటే. తలుపులు ఒకటే, ముందు అద్దం ఒకటే. డీజిలు ఇంజను కావాలన్నవారికి రెండింటిలోనూ డ్యూరామాక్స్ అనే 6.6 లీటర్ల ఇంజనే పెట్టారు. దాన్ని జనరల్ మోటార్సూ, జపానుకు చెందిన ఇసుజూ కలిసి ఒహాయో రాష్ట్రంలోని మొరేన్ అనే ఊళ్ళో తయారుచేశాయి. దాని వెనక ఉండే గేరు పెట్టె కూడా అలిసన్ 1000 అనే ఒకే రకం. మరి తేడా ఎక్కడ? ముఖంలో ఉన్నది! ముందు జాలీ, దీపాలు, బంపరు, పేరు రాసిన బిళ్ళ వేరు. కవలల్లో ఒకడి చొక్కా ఇంకొకడికి సరిపోతుంది, ఒకడి కళ్ళజోడు మటుకు ఇంకొకడికి పనికిరాదు. ఇదీ అంతే.

ఇందువల్ల లాభం ఏమిటో ఆలోచించండి. ఒక రైతు సియెరా బండి తలుపు సొట్టపోయింది. పాత బండ్లు విప్పి అమ్మే యార్డుకు వెళ్ళాడు. అక్కడ అదే కాలపు సిల్వరాడో ఒకటి ఇంజను కాలిపోయి పడి ఉన్నది. దాని తలుపు నిక్షేపంగా ఉన్నది. అది విప్పి తెచ్చి బిగించుకున్నాడు. కొత్త తలుపు ఖరీదు మిగిలింది, బండి మర్నాడే పనిలోకి వచ్చింది. చచ్చిన బండి ఇంకొక బండిని బతికించింది.

అయితే, తెల్లనివన్నీ పాలనుకుంటే ప్రమాదం. పేరు ఒకటే గదా, కంపెనీ ఒకటే గదా అని ఏ భాగమయినా దేనికయినా పెట్టవచ్చునా? వీల్లేదు. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి చిక్కు సంవత్సరాలది. అమెరికాలో 2004 నమూనా సిల్వరాడో హెచ్.డి. డీజిలు బండ్లలో రెండు రకాల ఇంజన్లు ఉన్నాయి. ఆ సంవత్సరం మధ్యలో పాత ఇంజను పోయి కొత్తది వచ్చింది. రెండింటి పేరూ డ్యూరామాక్సే, రెండూ 6.6 లీటర్లే. కాని డీజిలును సన్నని తుంపరగా చిమ్మే ఇంజెక్టర్లు పాతదానిలో మూతల కింద లోపల ఉండేవి. మరమ్మతు తేలిక కావటానికి కొత్తదానిలో వాటిని మూతలకు బయటగా పెట్టారు. దాని ఇంజెక్టరు దీనికి పనికిరాదు. 2007లో ఇంకా చిత్రం జరిగింది. ఆ ఒక్క సంవత్సరం పాత రూపం బండ్లను క్లాసిక్ అనే పేరు చేర్చి అమ్ముతూనే, కొత్త రూపం బండ్లను కూడా అమ్మారు. “2007 సిల్వరాడో తలుపు కావాలి” అంటే, “ఏ 2007?” అని దుకాణదారు అడగక తప్పదు.

రెండో చిక్కు చక్రాలది. ఇది డబ్బు చిక్కు కాదు, ప్రాణాల చిక్కు.

ఈ పెద్ద పికప్పుల చక్రానికి ఎనిమిది బోల్టులుంటాయి. అవి గుండ్రంగా, సమాన దూరాల్లో ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండు బోల్టుల నడిబొడ్డులకు మధ్య దూరం కొలిస్తే ఆ వలయం అడ్డకొలత వస్తుంది. 2010 నమూనా దాకా సిల్వరాడో, సియెరా 2500 హెచ్.డి. బండ్లకు అది ఆరున్నర అంగుళాలు. ఇప్పుడు మీరు పలక తీసుకోండి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. 6.5ను 25.4తో హెచ్చిస్తే 165.1 మిల్లీమీటర్లు వస్తుంది. ఇంకొక సంస్థ అయిన ఫోర్డు 1999లో తెచ్చిన సూపర్ డ్యూటీ బండ్లకు అది 170 మిల్లీమీటర్లు. తేడా 4.9 మిల్లీమీటర్లు. అంటే ఒక్కొక్క బోల్టూ తన రంధ్రం నుంచి తప్పేది అందులో సగం, 2.45 మిల్లీమీటర్లు.

ఒక కాగితం మీద 165 మిల్లీమీటర్ల అడ్డకొలతతో ఒక వలయం, ఇంకొక కాగితం మీద 170 మిల్లీమీటర్లతో ఇంకొక వలయం గీయండి. రెండూ గోడకు అంటించి, పది అడుగుల దూరాన నిలబడి, ఏది పెద్దదో మీ తమ్ముణ్ణి అడగండి. కన్ను ఇలాంటి తేడా పట్టుకోలేదు. కాని ఉక్కు పట్టుకుంటుంది. అటువంటి చక్రాన్ని, రంధ్రాలు కాస్త అరగదీసి, బలవంతాన ఎక్కించారనుకోండి. నట్టు తన గుంటలో పూర్తిగా ఆనదు. బోల్టు ఒక పక్కకు లాగబడుతూ ఉంటుంది. బండి కదిలేటప్పుడు ప్రతి చుట్టుకూ ఆ బోల్టు కొంచెం వంగి, మళ్ళీ నిలబడుతుంది. ఇనపతీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుందో మీకు తెలుసు. నాలుగు టన్నుల బండి రోడ్డు మీద వేగంగా పోతుండగా ఆ తీగ గతే బోల్టుకు పట్టవచ్చు. ఊడిన చక్రం ఎవరి మీదికి దొర్లుతుందో ఎవరు చెప్పగలరు?

ఇంకా వినండి. 2011 నమూనాకు ఈ కవల బండ్ల చట్రాన్ని గట్టిపరిచి, బ్రేకులు పెద్దవి చేశారు. బోల్టుల వలయాన్ని కూడా 180 మిల్లీమీటర్లకు పెంచారు. వెనక జంట చక్రాలుండే 3500 బండ్లకు 210 మిల్లీమీటర్లు చేశారు. కనక 2010 సిల్వరాడో చక్రం 2011 సిల్వరాడోకే సరిపోదు! పేరు అదే, కంపెనీ అదే, బోల్టుల సంఖ్య కూడా అదే. బోల్టుల వలయం ఒకటే అయిన చోట కూడా చూడవలసినవి ఇంకా ఉన్నాయి. చక్రం మధ్య రంధ్రం కొలత, చక్రం లోపలికీ బయటికీ ఎంత జరిగి కూర్చుంటుంది, ఎంత బరువు మొయ్యగలదు అన్నవి అన్నీ సరిపోవాలి.

మూడో చిక్కు ఇరుసులది. ఇక్కడ కథ తిరగబడుతుంది. అమెరికన్ ఆక్సిల్ అనే సంస్థ 11.5 అంగుళాల పళ్ళచక్రం గల వెనక ఇరుసు ఒకటి తయారుచేసింది. దాన్ని 2001 నుంచి జనరల్ మోటార్స్ హెచ్.డి. బండ్లలోనూ, 2003 నుంచి వాళ్ళకు పోటీ అయిన డాడ్జ్ రామ్ పెద్ద పికప్పులలోనూ వాడారు. అంటే, బయట పోటీదారులయిన రెండు బండ్లు లోపల చుట్టాలన్నమాట! అయినా ఒకదాని కింది ఇరుసును మొత్తంగా తెచ్చి ఇంకొకదాని కింద తగిలించటం కుదరదు. స్ప్రింగులు కూర్చునే చోట్లూ, బ్రేకులూ ఎవరివి వారివే.

ఇరుసులో ఇంకొక లెక్క ఉన్నది. ఇంజను నుంచి వచ్చే కడ్డీ 3.73 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగే ఇరుసు ఒక రకం. 4.10 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరిగేది ఇంకొక రకం. పైకి రెండూ ఒకలాగే కనబడతాయి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ కూడా శక్తి అందే బండిలో వెనక ఇరుసు చెడిపోయి, ముందు 4.10 ఉండగా వెనక 3.73 పెట్టారనుకోండి. కడ్డీ 410 చుట్లు తిరిగేసరికి ముందు చక్రాలు నూరు చుట్లు తిరగాలి. వెనక చక్రాలు ఎన్ని తిరగాలి? లెక్క చెయ్యండి. సుమారు 110! ఒకే బండి కింద ముందు చక్రాలు ఒక వేగంతోనూ, వెనక చక్రాలు ఇంకొక వేగంతోనూ పోగలవా? ఒక ఎద్దు నడుస్తూ, ఒక ఎద్దు పరిగెత్తుతూ లాగితే కాడి ఏమవుతుంది? ఇక్కడ గేర్ల గతీ అంతే.

ఇప్పటి బండ్లలో నాలుగో చిక్కు కూడా ఉన్నది. ఇంజనును నడిపించే చిన్న కంప్యూటరు పెట్టెలుంటాయి. పెట్టె అచ్చంగా అదే అయినా, దాని లోపల రాసిన లెక్కలు ఆ బండికి తగినవి కాకపోతే బండి సరిగా నడవదు. కొన్ని బండ్లు కదలనే కదలవు. పూర్వం బోల్టు సరిపోతే చాలు, ఇప్పుడు లోపలి లెక్క కూడా సరిపోవాలి.

ఇన్ని చిక్కులుంటే మెకానిక్కులు ఎలా నెగ్గుకొస్తారు? వాళ్ళు జ్ఞాపకం మీదా, కంటిచూపు మీదా ఆధారపడరు. అంకెల మీద ఆధారపడతారు. అమెరికాలో 1981 నుంచి ప్రతి మోటారు బండికీ 17 అంకెలూ అక్షరాలూ గల సంఖ్య ఒకటి ఉంటుంది. అది ఆ బండి జాతకం లాంటిది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు, ఒకటి, సున్న అని పొరబడతారని. మొదటి గుర్తు 1 అయితే బండి అమెరికాలో తయారయింది, 2 అయితే కెనడాలో, 3 అయితే మెక్సికోలో. ఎనిమిదో గుర్తు ఇంజనును తెలుపుతుంది. మనం చెప్పుకున్న 2004 డీజిలు బండ్లలో అక్కడ 1 ఉంటే పాత ఇంజను, 2 ఉంటే కొత్త ఇంజను. పదో గుర్తు నమూనా సంవత్సరం. 2010కి ఏ, 2011కి బి. అక్కడ ఏ ఉంటే ఆరున్నర అంగుళాల చక్రం, బి ఉంటే 180 మిల్లీమీటర్ల చక్రం. బండి కొన్న తేదీ చూస్తే లాభం లేదు, ఎందుకంటే 2011 నమూనా బండ్లు 2010లోనే అమ్మకానికి వచ్చాయి.

బండికే గాక, విడిభాగానికి కూడా కంపెనీవారు ఒక సంఖ్య వేస్తారు. సిల్వరాడో, సియెరాల సూచికల్లో ఒక భాగానికి ఒకే సంఖ్య ఉంటే అది రెండింటికీ పనికివస్తుంది. అంతే కాక, ఏ బండి భాగం ఏ బండికి సరిపోతుందో తెలిపే హాలండర్ అనే పెద్ద సూచిక అమెరికాలో 1934 నుంచి ఉన్నది. పాత బండ్ల యార్డువాళ్ళకు అది పెద్దబాలశిక్ష లాంటిది.

ఆ 17 గుర్తుల సంఖ్యను చూడటానికి మీరు అమెరికా వెళ్ళనక్కర్లేదు. మీ నాన్నగారి నడిగి, మీ ఇంటి మోటారు సైకిలు గాని, స్కూటరు గాని, దాని రిజిస్ట్రేషను కాగితం చూడండి. ఛాసిస్ నంబరు అని ఉంటుంది. ఇటీవల మన దేశంలో తయారయిన బండి అయితే అందులో 17 గుర్తులుంటాయి, మొదటిది ఎం అనే అక్షరం. ఈసారి ఆ బండికి ఏదయినా భాగం కొనవలసివస్తే, ఆ సంఖ్యా, పాత భాగమూ రెండూ దుకాణానికి పట్టుకు వెళ్ళమని మీ నాన్నగారికి గుర్తుచెయ్యండి. “ఇదీ అదీ ఒకటేనండీ, కాస్త అరగదీస్తే పడుతుంది” అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మవద్దని కూడా చెప్పండి. ముఖ్యంగా చక్రం, బ్రేకు, స్టీరింగు విషయంలో.

పైకి ఒకటిగా కనబడటం వేరు, కొలతకు ఒకటి కావటం వేరు. వేరు వేరు పేర్ల బండ్లు లోపల ఒకటి కావచ్చు, ఒకే పేరుగల బండ్లు వేరు కావచ్చు. ఏది ఏదో కన్ను చెప్పలేదు. కొలబద్ద చెబుతుంది, సంఖ్య చెబుతుంది. బళ్ళో మీరు దశాంశాలు నేర్చుకునేటప్పుడు, “రెండు మిల్లీమీటర్లు ఎటు పోతేనేం?” అని ఎప్పుడైనా విసుగు పుడితే, నాలుగు టన్నుల బండిని మోసే ఆ ఎనిమిది బోల్టులను ఒకసారి తలచుకోండి.